లిల్లీ ఎర్రపురుగు: మీ వ్యాసానికి రెండు సవరణలు

సంపాదకులకు,

ప్రవాసుల పెరటితోటల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో లిల్లీలను పాడుచేసే ఎర్ర పెంకుపురుగు ప్రస్తావన చూసి సంతోషించాను. అయితే అందులో రెండు పొరపాట్లు దొర్లాయి. వాటిని నమ్మి అనవసరంగా మందు కొట్టేవారు ఉంటారు కనుక, బోస్టన్ శివారులో పన్నెండేళ్లుగా లిల్లీలు పెంచుతూ ఏటా ఈ పురుగుతో వేగుతున్న మనిషిగా ఈ లేఖ రాస్తున్నాను.

మొదటిది పేరుతో వచ్చిన చిక్కు. వ్యాసం పక్కన వేసిన బొమ్మ మన పూలబజారులో లిల్లీ అని అమ్మే నేలసంపెంగది. ఈ పురుగు గుడ్లు పెట్టి పిల్లలను పెంచేది గడ్డ నుంచి నిటారుగా కాడ లేచి, ఆ కాడ పొడవునా ఆకులు తొడిగే అసలు లిల్లీల మీద, వాటి దగ్గరి చుట్టమైన ఫ్రిటిల్లేరియా వంటి మొక్కల మీద మాత్రమే. పేరులో లిల్లీ ఉన్న డే లిల్లీకి కూడా దీనివల్ల భయం లేదు. తెలుగునాట అమరిల్లిస్, అగ్నిశిఖ ఆకులను కొరికేసే నల్లని గొంగళిపురుగు, ఒంటిమీద తెల్లచుక్కలు, ఎర్రమచ్చలు ఉన్నది, వేరే జీవి. అది రాత్రిపూట ఎగిరే ఒక రెక్కలపురుగు పిల్ల.

యూరప్, ఆసియా ఖండాలకు చెందిన ఈ పెంకుపురుగు 1940లలో కెనడాలోని మాంట్రియల్‌లోనూ, 1992లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లోనూ బయటపడింది. సెంటీమీటరుకు కాస్త తక్కువ పొడవు, లక్క పూసినట్టు మెరిసే ఎర్రని వీపు, నల్లని తల, నల్లని కాళ్లు, నల్లని పొట్ట. చూడగానే గురివింద గింజ గుర్తుకొస్తుంది. చెయ్యి చాపితే చాలు, కాళ్లు ముడుచుకుని మట్టిలోకి రాలిపోతుంది, వెల్లకిలా పడితే నల్లని పొట్ట మట్టిలో కలిసిపోయి కళ్లెదుటే ఉన్నా కనిపించదు. అందుకే నేను సబ్బునీళ్ల గిన్నెను ముందుగా ఆకు కింద పట్టి, ఆ తర్వాతే ఆకును తడతాను. వేళ్ల మధ్య పట్టుకుంటే సన్నగా కీచుమంటుంది. మొదటిసారి ఆ చప్పుడు విని ఉలిక్కిపడి వదిలేశాను.

అసలు నష్టం పిల్లపురుగుల వల్ల. ఆకు అడుగున వంకర వరుసల్లో పెట్టిన నారింజరంగు గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు తమ మలాన్నే వీపున పులుముకుని తిరుగుతాయి కనుక, ఆకు మీద ఏదో పిట్ట రెట్ట వేసిందనుకుని చాలామంది పట్టించుకోరు. రెండు మూడు వారాలపాటు ఆకులు, మొగ్గలు తిని అవి మట్టిలోకి దిగిపోతాయి. ఏడాదికి ఒకే తరం కాబట్టి, మొలకలు పైకి వచ్చిన వసంతంలోనే పెద్దపురుగులను ఏరి, గుడ్లున్న ఆకులను తుంచేస్తే ఆ ఏడాది పని చాలావరకు తీరినట్టే.

రెండో పొరపాటు ఇంతకంటే పెద్దది. మొక్క మొదలు దగ్గర ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పోయమని మీ వ్యాసం సలహా ఇచ్చింది. ఆ మందు మొక్కంతా పాకి పుప్పొడిలోకి, తేనెలోకి చేరి తేనెటీగలకు హాని చేస్తుంది; మసాచుసెట్స్‌లో 2022 జూలై నుంచి ఆ కోవకు చెందిన తోటమందులను లైసెన్సు ఉన్నవారే వాడాలి. దానికి బదులు వేపమందు వాడవచ్చు, కాని వేప అనగానే మనవాళ్లకు సర్వరోగనివారిణి కనుక ఒక మాట చెప్పాలి: అది అప్పుడే పొదిగిన పిల్లలమీద బాగా పనిచేస్తుంది, పెద్దపురుగులమీద అంతగా పనిచేయదు. సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా, వారానికొకసారి కొట్టాలి.

రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయం వారు యూరప్ నుంచి తెచ్చి విడిచిన అతి చిన్న కందిరీగలు ఈ పిల్లపురుగుల ఒంట్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతాయి; మనుషుల జోలికి రావు. అవి స్థిరపడిన చోట పురుగు తగ్గింది. కనిపించిన ప్రతిదానికీ మందు కొడితే ముందు చచ్చేవి ఇవే.

కరివేపాకు మొక్కలు పంచుకున్నట్టే ఇక్కడి తెలుగు కుటుంబాలు లిల్లీ కుండీలు కూడా ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. పురుగు ఊరు దాటేది ఎక్కువగా అలాగే కనుక, కుండీ ఇచ్చేముందు ఆకుల అడుగు, పైమట్టి చూసి ఇమ్మని మీ పత్రికే ఒక మాట రాయగలరు. ఆ సవరణతో పాటు ఈసారి నేలసంపెంగ బొమ్మ కాకుండా ఎర్రపురుగు బొమ్మ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మసాచుసెట్స్