చిత్రం కింద మాధ్యమం కూడా సరిగా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం సంచికలో ఉష్ణమండల తోటలోని పక్షులు, చేపల చిత్రాన్ని సగం పేజీలో రంగుల్లో ప్రచురించినందుకు కృతజ్ఞతలు. అయితే దాని కింద ‘నీటిరంగుల చిత్రం’ అని వేయడం సరికాదు. ఆ చిత్రాన్ని నేను ప్రదర్శనలో దగ్గర నుంచి చూశాను. అది మిక్స్‌డ్ మీడియా చిత్రం. నీటిరంగులతో పాటు సిరా, మైనం, అతికించిన కాగితం కూడా అందులో ఉన్నాయి.

ఇది కేవలం పేరు గురించిన పట్టింపు కాదని మనవి. ఆ చిత్రంలో గాలికీ నీటికీ ఉన్న తేడా అంతా వాడిన సామగ్రిలోనే ఉంది. పక్షులన్నిటినీ చిత్రకారిణి చేత్తో చింపిన కాగితపు ముక్కలతో కూర్చారు. కొంగ రెక్క దగ్గర ఈకల అంచులకు జిగురు పూయకుండా వదిలేయడంతో అవి కాస్త పైకి లేచి, కిందనున్న ఆకుల మీద నిజమైన నీడ పడుతోంది. చేపలకు మాత్రం కాగితం ముక్క ఒక్కటీ వాడలేదు. వాటిని నీటికి చెరగని సిరాతో గీసి, వాటి మీదుగా కొవ్వొత్తితో అలలు దిద్ది, ఆపైన పలుచని నీలిరంగు పూత పూశారు. మైనం నీటిని పట్టనివ్వదు కనుక, అల ఉన్నచోట రంగు నిలవక పక్కలకు జారిపోయి, చేపలు నిజంగానే నీటి అడుగున ఉన్నట్టు కనిపిస్తాయి. పెద్ద చేప వీపు మీది మచ్చలు, తడిరంగుపై ఉప్పు చల్లితే ఏర్పడే చుక్కలు. ఎంత ఓపికగా చేసిన పని!

పత్రికలో ఇదంతా ఒకే చదునైన రంగుగా మారింది. నా దగ్గర చిత్రలేఖనం నేర్చుకుంటున్న ఒక విద్యార్థిని మీ పేజీని ముందు పెట్టుకుని, కొంగ రెక్క కింద కుంచెతో నల్లని గీత గీసింది. అది గీత కాదు, నీడ అని చెబితే ముందు నమ్మలేదు. కింద నీటిరంగులు అని అచ్చయి ఉండగా ఎలా నమ్ముతుంది?

1930లో పసిఫిక్ మహాసముద్రంలోని తహితి దీవికి వెళ్లివచ్చిన ఫ్రెంచ్ చిత్రకారుడు హెన్రీ మతీస్, 1946లో ప్యారిస్‌లోని తన ఇంటి గోడల మీద తెల్లకాగితంతో కత్తిరించిన పక్షులను, చేపలను, సముద్రపు నాచును గుచ్చి ‘ఓషియానియా’ జంట చిత్రాలకు రూపమిచ్చారు. అవి కుంచెతో కాక కత్తెరతో పుట్టిన ఆకారాలని తెలియకపోతే, ఆ అంచుల్లోని తెగువ చూసేవారికి అందదు.

కాబట్టి ఇకపై ఏ చిత్రాన్ని ప్రచురించినా, వాడిన సామగ్రిని, పొడవు వెడల్పులను చిత్రకారులనే అడిగి తెలుసుకుని వేయవలసిందిగా కోరుతున్నాను. ఈ చిత్రం విషయంలో సవరణతో పాటు, పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన కొంగ రెక్క దగ్గరి ఫొటో ఒకటి చిన్నదైనా ప్రచురించగలిగితే, ఆ అమ్మాయికి చూపిస్తాను.

ఇట్లు,
ఒక చిత్రలేఖన ఉపాధ్యాయుడు