ఆ ఫారంలో ఒక వరుస

సంపాదకులకు,

ప్రపంచ రక్తదాతల దినం అని జూన్ 14న మీరు వేసిన ప్రత్యేక పేజీ చూశాను. 18 నిండిన ఆరోగ్యవంతులెవరైనా రక్తం ఇవ్వొచ్చని పెద్దక్షరాల్లో ఉంది. ఇరవై ఏళ్లకు పైగా రక్తం ఇస్తూ, మా ఊళ్లో శిబిరాలు పెట్టిస్తున్నవాణ్ణి. ఆ మాట నిజం కాదు. మగవారితో సంబంధం ఉన్న మగవారి దగ్గర, ట్రాన్స్‌జెండర్ల దగ్గర రక్తం తీసుకోరు.

ఆ తేదీకి రెండు రోజుల ముందు, 2016 జూన్ 12 తెల్లవారుజామున, ఫ్లోరిడాలోని ఓర్లాండోలో పల్స్ అనే గే నైట్‌క్లబ్బులో ఒకడు 49 మందిని కాల్చి చంపాడు. మరో 53 మందికి తూటా గాయాలు. హంతకుడు ఐసిస్ పేరు చెప్పాడు. గే క్లబ్బని తెలిసే వచ్చాడా అన్న వాదన ఇంకా తెగలేదు. 2022 నవంబరులో కొలరాడో స్ప్రింగ్స్‌లోని క్లబ్ క్యూలో ఐదుగురి ప్రాణాలు తీసిన కాల్పుల్లో మాత్రం అలాంటి అనుమానం లేదు. ద్వేష నేరాలేనని కాల్పులు జరిపిన వ్యక్తే ఫెడరల్ కోర్టులో ఒప్పుకున్నారు.

ఓర్లాండోలో ఆ ఉదయమే బ్లడ్ బ్యాంకుల ముందు జనం బారులు తీరారు. జూన్ ఎండలో గంటల తరబడి నిలబడ్డారు. అందరికంటే ముందు రక్తం ఇవ్వాలనుకున్న గే మగవాళ్లకు మాత్రం వీల్లేదన్నారు. ఏడాదిగా మరో మగవాడితో సంబంధం లేకపోతేనే తీసుకోవాలని అప్పటి రూలు. ఆ రోజుకి నిషేధం ఎత్తేశారని పుకారు లేస్తే, అదేం లేదని బ్లడ్ బ్యాంకే చెప్పాల్సి వచ్చింది. పోయినవాళ్లు వాళ్ల స్నేహితులు, ఆస్పత్రిలో ఉన్నవాళ్లు వాళ్ల స్నేహితులు. అయినా ఇంటికి పోలేదు. క్యూలో ఉన్నవాళ్లకు మంచినీళ్లు, తినడానికేదో పంచుతూ అక్కడే తిరిగారు.

ఓర్లాండోలో కాల్చినవాణ్ణి ఎఫ్‌బీఐ అంతకుముందే రెండుసార్లు విచారించి వదిలేసింది. కాల్పులకు కొద్ది రోజుల ముందు రైఫిలు, పిస్తోలు దుకాణంలో దర్జాగా కొనుక్కున్నాడు. అన్నీ చట్టప్రకారమే! అందుకే న్యూయార్క్‌లో కొందరు ఆ నెలలోనే ‘గేస్ అగైనెస్ట్ గన్స్’ అని సంఘం పెట్టుకుని తుపాకుల మీద పోరాటానికి దిగారు. ముస్లింల మీదికి కోపం మళ్లించే ప్రయత్నాలు జరుగుతున్న రోజులవి. వీళ్లు వేలు తుపాకీ వైపు చూపించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతలో ‘మా దేశం నుంచి పో’ అంటూ మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపినప్పుడు మనవాళ్లలో ఎంతమంది తుపాకీ ఊసెత్తారు?

అమెరికా ఆ రక్తం రూలును 2020లో మూడు నెలలకు తగ్గించింది. 2023 మే నుంచి ఎవరైనా సరే, అందరికీ ఒకటే ప్రశ్నలు: కొత్త భాగస్వామి ఉన్నారా, ప్రమాదకరమైన సంబంధం ఏదైనా ఉందా అని. మన దగ్గర 2017 మార్గదర్శకాల ప్రకారం ట్రాన్స్‌జెండర్లకు, మగవారితో సంబంధం ఉన్న మగవారికి శాశ్వత నిషేధం. ఏడాది కాదు, జన్మంతా. దీని మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 2021లో. విండో పీరియడ్‌లో, అంటే సోకిన కొత్తలో, హెచ్‌ఐవీ పరీక్షకు దొరకదన్న భయం నాకూ తెలుసు. ఆ భయం జాగ్రత్త లేని ఏ మగవాడి విషయంలోనైనా ఒకటే కదా.

మా శిబిరానికి ఒకసారి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. స్నేహితులతో కబుర్లు చెబుతూ ఫారం నింపుతున్నాడు. మగవారితో సంబంధం గురించి అడిగే ఒక వరుస దగ్గర పెన్ను ఆగింది. కాసేపు అలాగే చూసి, ‘సార్, నిన్న రాత్రి నుంచి జ్వరంగా ఉంది, మళ్లీ వస్తా’ అన్నాడు. నుదురు పట్టి చూశాను, చల్లగా ఉంది. వెళ్తూ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, బల్ల మీద వదల్లేదు. అతని మనసులో ఏముందో నేను అడగలేదు. ఇంటికొచ్చి ఖాళీ ఫారం తీసి ఆ వరుస మొదటిసారి సరిగ్గా చదివాను. అన్నేళ్లు వందలమందితో దాని మీద టిక్కులు పెట్టించినవాణ్ణి నేనే.

వచ్చే జూన్ 14న ఆ పెద్దక్షరాల కింద ఈ వరుస కూడా అచ్చు వేయండి.

– ఒక రక్తదాత, ఖమ్మం