పాత కంప్యూటర్ల ఫైళ్లను కాపీ చేస్తే చాలదు, గుర్తుపట్టాలి కూడా

సంపాదకులు గారికి,

నమస్కారం. పాత ఫ్లాపీ డిస్కులు పాడైపోకముందే వాటిలోని ఫైళ్లను కొత్త కంప్యూటరులోకి కాపీ చేసుకోవాలని చెబుతూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. సలహా మంచిదే, ఆలస్యం చేయకూడదన్న మాటా నిజమే. అయితే కాపీ చేయడంతో పని అయిపోయినట్టుగా వ్యాసం ముగిసింది కాబట్టి ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. కాపీ అయిన ఫైలు ఏ రకానిదో కొత్త కంప్యూటరు పోల్చుకోలేకపోతే, వెతికినప్పుడు దానిలోని మాటలు దొరకకపోతే, ఆ ఫైలు ఫ్లాపీలో ఉన్నా హార్డ్ డిస్కులో ఉన్నా మనకు ఒక్కటే.

ఈ సంగతి నాకు వర్డ్‌స్టార్ ఫైళ్ల వల్ల తెలిసివచ్చింది. 1978లో విడుదలైన ఆ వర్డ్ ప్రాసెసర్‌తో తయారైన కొన్ని వందల ఫైళ్లు నా దగ్గర ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. వాటిలో ఒక ఉత్తరం కావలసి వచ్చి, ‘లెటర్’ అన్న ఇంగ్లీషు మాట అందులో తప్పకుండా ఉంటుందన్న నమ్మకంతో వెతికితే ఒక్క ఫైలూ రాలేదు. చివరికి ఒక ఫైలును బైట్ల వారీగా చూపించే ప్రోగ్రాముతో తెరిచి చూస్తే మాట అక్కడే ఉంది. వర్డ్‌స్టార్ తొలి వెర్షన్లు పంక్తులను సర్దే సౌలభ్యం కోసం ప్రతి మాటలోనూ చివరి అక్షరానికి, మామూలుగా ఖాళీగా ఉండే ఎనిమిదో బిట్‌ను (దాని విలువ 128) కూడా వాడుకునేవి. ఇంగ్లీషు అక్షరాలకు అంకెలు కేటాయించే ఆస్కీ పట్టికలో చిన్న ‘ఆర్’ అక్షరం విలువ 114 కాగా, దానికి 128 కలిసి 242 అయి కూర్చుంది. ముందున్న అయిదు అక్షరాలూ సరిగానే ఉన్నా ఆరోది మరేదో యూరప్ భాష అక్షరంగా కనిపిస్తూ ఉండడంతో, వెతికే ప్రోగ్రాము దృష్టిలో ఆ మాటే లేదు. చివరి అక్షరం తీసేసి వెతికితే మాత్రం ఫైళ్లన్నీ బారులు తీరి వచ్చాయి.

అలాగైతే 128 కంటే పెద్ద విలువలన్నిటిలోంచీ 128 తీసివేస్తే సరిపోతుంది కదా అని అప్పట్లో నాకూ అనిపించింది. వర్డ్‌స్టార్ ఫైలైతే చాలావరకు సరిపోతుంది. మరో రకం ఫైలైతే ఉన్నది కాస్తా పాడవుతుంది. ఫ్రెంచి భాషలో తరచుగా కనిపించే, నెత్తిన గీత ఉన్న ‘ఇ’ అక్షరాన్నే తీసుకుంటే, తొలి ఐబీఎం పీసీల అక్షర పట్టికలో దాని విలువ 130, పాత మాకింతోష్‌లో 142, విండోస్‌లో 233. అక్షరం ఒకటే, అంకెలు మూడు. ఐబీఎం పెద్ద కంప్యూటర్లు వాడిన ఎబ్‌సీడిక్ పద్ధతిలోనైతే మామూలు పెద్ద ‘ఎ’ అక్షరమే 193, ఆస్కీలో అదే 65. అందువల్ల ఫైలును చదవడానికి ముందే అది ఏ యంత్రం మీద, ఏ ప్రోగ్రాముతో పుట్టిందో తెలియాలి. నేను ఈ ఉత్తరంలో చెప్పదలచుకున్నదంతా ఆ ‘ముందే’ అన్న మాట చుట్టూనే ఉంది.

ఇప్పటి కంప్యూటర్లు ఫైలును ఎక్కువగా దాని పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్‌ను బట్టి పోల్చుకుంటాయి. పాత పీసీల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డాస్ రోజుల్లో పేరుకు ఎనిమిది అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కు మూడు మాత్రమే ఉండేవి. ఆ మూడింటిలో ‘డాక్’ అన్నదాన్ని మైక్రోసాఫ్ట్ వర్డ్ ఒక్కటే కాక ఇతర వర్డ్ ప్రాసెసర్ల వాళ్లూ వాడుకున్నారు, ప్రోగ్రాముతో పాటు వచ్చే సాదా సూచనల ఫైలుకూ అదే పేరు పెట్టేవారు. ఇక 1984లో వచ్చిన మాకింతోష్‌లో ఎక్స్‌టెన్షన్ అవసరమే లేదు. ప్రతి ఫైలుకూ దాని రకం చెప్పే నాలుగక్షరాల కోడ్ ఒకటి, దాన్ని తయారుచేసిన ప్రోగ్రామును చెప్పే నాలుగక్షరాల కోడ్ ఇంకొకటి ఉండేవి. అవి ఫైలు లోపల కాక, డిస్కు మీది చిట్టాలో ఉండేవి. యాపిల్ టూ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోడాస్ కూడా అంతే, అక్కడ రకం చెప్పడానికి చిట్టాలో ఒకే ఒక్క బైటు ఉంటుంది. యాపిల్‌వర్క్స్ వర్డ్ ప్రాసెసర్ ఫైలుకు ఆ బైటు విలువ 26. విచిత్రమేమంటే, డాస్‌కు ముందున్న సీపీఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు లోపల కనిపించే 26కు అర్థం వేరు. ఆ వ్యవస్థ ఫైలు పొడవును 128 బైట్ల ముక్కల లెక్కన మాత్రమే గుర్తుపెట్టుకునేది కాబట్టి, అసలు రాత ఎక్కడ ముగిసిందో చెప్పడానికి 26ను పెట్టేవారు. దాని తర్వాత మిగిలిన బైట్లలో ఏమైనా ఉండవచ్చు, వాటిని వెతుకులాట కోసం తయారుచేసే మాటల పట్టికలోకి, అంటే ఇండెక్స్‌లోకి ఎక్కిస్తే చెత్తను ఎక్కించినట్టే.

చిట్టాలోని సమాచారం ఫైలుతో పాటు రాకపోవడమే కాపీలో జరిగే పెద్ద నష్టం. మాకింతోష్ ఫైలుకు డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్ అని రెండు భాగాలుండేవి. వేరే రకం డిస్కు మీదికి జాగ్రత్త లేకుండా కాపీ చేస్తే రెండో భాగమూ, రెండు కోడ్‌లూ అక్కడే ఉండిపోతాయి. వర్డ్ ప్రాసెసర్‌తో రాసిన ఫైలైతే రాత మిగిలి రకం పోతుంది. సర్వస్వమూ రిసోర్స్ ఫోర్క్‌లోనే ఉండే ఆనాటి ఫాంట్ల వంటివైతే సున్నా బైట్ల ఫైలు చేతికి వస్తుంది. కొన్నిసార్లు ఆ భాగం విడి ఫైలుగా, చుక్కా అండర్‌స్కోరూ ముందున్న పేరుతో పక్కనే వచ్చి చేరుతుంది. దాన్ని పనికిరాని ఫైలనుకుని చాలామంది చెరిపేస్తారు. నేనూ ఒకప్పుడు చెరిపాను.

చిట్టా పోయినా, ఫైలు మొదటి బైట్లలోనే తన రకాన్ని చెప్పుకునేవి కొన్ని ఉంటాయి. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతోనూ దాని వెంట ఆ మూడు అక్షరాలతోనూ మొదలవుతుంది, జిప్ ఫైలు ‘పీకే’తో, డాస్ ప్రోగ్రాము ‘ఎంజెడ్’తో మొదలవుతాయి. 1985లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు రూపొందించగా అమీగా కంప్యూటర్లలో స్థిరపడిన ఐఎఫ్ఎఫ్ పద్ధతి ఈ విషయంలో ఆదర్శమని నా అభిప్రాయం: ‘ఫార్మ్’ అనే నాలుగక్షరాలు, తర్వాత పొడవు, తర్వాత లోపలున్నది బొమ్మా పాటా అని చెప్పే మరో నాలుగక్షరాలు. యూనిక్స్‌లోని ‘ఫైల్’ అనే ఆదేశం 1973 నుంచీ ఇలాంటి గుర్తులను చూసే రకం చెబుతోంది. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ నిర్వహించే ప్రోనామ్ అనే పట్టికలో ప్రతి ఫైలు రకానికీ ఒక సంఖ్య, తెలిసినంతలో దాని గుర్తులు నమోదై ఉంటాయి. డ్రాయిడ్ అనే ప్రోగ్రాము ఆ పట్టికను ఆధారం చేసుకుని వేల ఫైళ్లను ఒక్కసారిగా పరీక్షిస్తుంది. వర్డ్‌స్టార్ వంటివాటికి మాత్రం మొదట్లో నమ్మదగిన గుర్తేమీ ఉండదు. మాటల చివరల్లో ఎనిమిదో బిట్ ఉందా, చుక్కతో మొదలయ్యే ఆదేశాల పంక్తులున్నాయా అని లోపలికి వెళ్లి చూసి ఊహించాలి. ఊహ తప్పే అవకాశం ఉంటుంది కనుక, ఆ ఫలితాన్ని ఊహగానే నమోదు చేయాలి తప్ప నిశ్చయంగా కాదు.

పాత ఫైళ్లు చూడాలంటే, పాత కంప్యూటరును కొత్తదాని మీద అనుకరించే ఎమ్యులేటర్లు ఉన్నాయి కదా అని కొందరు పాఠకులు అనవచ్చు. ఉన్నాయి, అవి గొప్ప సాధనాలు, ఫైలు ఆనాడు తెర మీద ఎలా కనిపించిందో అలాగే చూపిస్తాయి. కానీ ఎమ్యులేటర్ ఒక్కో ఫైలునూ తెరిచి చూపగలదే తప్ప, అయిదు వేల ఫైళ్లలో ఫలానా పేరు ఎందులో ఉందన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఏ ఫైలు తెరవాలో ముందే తెలిసినవారికి అది చాలు, తెలియనివారికి కావలసింది వెతుకులాట. పైగా ఏ ఎమ్యులేటర్‌లో ఏ ప్రోగ్రాము నడపాలో తేల్చుకోవడానికైనా ఫైలు రకం తెలియాలి. చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమీగా మీద వేసిన బొమ్మలు ఆయన ఫ్లాపీల నుంచి బయటపడినప్పుడు, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ క్లబ్బు సభ్యులు డిస్కులను కాపీ చేయడంతో ఆగకుండా, ఎవరికీ పరిచయం లేని ఆ ఫైళ్ల నిర్మాణాన్ని విప్పుకోవలసి వచ్చింది.

ఇక వెతుకులాట విషయం. ఇప్పటి వ్యవస్థలు కొత్త రకాలను చేర్చుకునే వీలు లేకుండా మూతపడి ఏమీ లేవు. 2005లో మాక్‌లో వచ్చిన స్పాట్‌లైట్ అనే వెతుకులాట సౌకర్యం ఒక్కో రకం ఫైలు లోపలి మాటలను బయటికి తీసి ఇవ్వడానికి ఇంపోర్టర్ అనే చిన్న ప్రోగ్రామును జోడించుకునే వీలు కల్పించింది, విండోస్‌లో ఆ పనికి ఐఫిల్టర్ ఉంది, లినక్స్‌లో రీకాల్ వంటి ప్రోగ్రాములు బయటి సాధనాలను పిలిచి అదే పని చేయించుకుంటాయి. పాత నాలుగక్షరాల కోడ్‌ను నేటి ఫైలు రకంతో ముడిపెట్టే ప్రకటన రాసుకునే సౌకర్యం కూడా మాక్‌లో ఆ ఏడాది నుంచే వచ్చింది. చదివే పని కోసం, లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాముల చుట్టూ 2014లో మొదలైన డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్టు ఉంది. దాని పరిధిలోని లైబ్రరీలు పాత మాక్ వర్డ్ ప్రాసెసర్ల ఫైళ్లనూ, వర్డ్‌పర్ఫెక్ట్ ఫైళ్లనూ విప్పి చదువుతాయి. అంటే చదవగలిగిన చేయి ఒకటుంది, వెతికే చేయి ఇంకొకటుంది. చాలా సందర్భాల్లో రెండింటినీ కలిపేవారే లేరు. గుర్తింపు పట్టికలో ఒక పంక్తి లేకపోవడం వల్ల, ఉన్న చదువరి ప్రోగ్రామును ఎవరూ పిలవక ఫైలు ‘తెలియని రకం’గా పడి ఉంటోంది.

అన్నిటికీ చదివే ప్రోగ్రాము దొరకదన్నది నిజమే. కమడోర్ 64 బేసిక్ ప్రోగ్రాములో ‘ప్రింట్’ అన్న మాట అయిదక్షరాలుగా కాక 153 అనే ఒక్క బైటుగా ఉంటుంది, కాబట్టి ఆ పట్టిక తెలిసినవారు దాన్ని విప్పి మాటలుగా మార్చకపోతే ఎంత వెతికినా దొరకదు. అన్ని లిపులకూ ఒకే అక్షర పట్టిక అయిన యూనికోడ్ రాకముందు తెలుగు వంటి లిపుల్లో తయారైన ఫైళ్లది మరో చిక్కు. లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను నింపిన ఫాంట్లతో వాటిని కూర్చారు, ఒక్కో ఫాంటుదీ ఒక్కో అమరిక. సరైన ఫాంటు పెడితే కంటికి చక్కని తెలుగే, వెతికే ప్రోగ్రాముకు మాత్రం అర్థంలేని లాటిన్ అక్షరాల వరస. అక్కడ ఫైలు రకంతో పాటు ఫాంటు పేరు కూడా గుర్తింపులో భాగమే.

చదవడంలో ఒక ఇబ్బంది గురించి హెచ్చరించడం అవసరమనుకుంటున్నాను. పాత మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ‘ఫాస్ట్ సేవ్’ అనే సదుపాయం ఉండేది. అది మొత్తం ఫైలును తిరిగి రాయకుండా మార్పులను మాత్రమే చివర చేర్చేది కనుక, రచయిత కొట్టేసిన వాక్యాలు ఫైలులోనే ఉండిపోయేవి. నిర్మాణం తెలియకుండా కంటికి కనిపించిన అక్షరాలన్నీ ఏరి ఇండెక్స్‌లో పెట్టే పద్ధతి ఏమీ లేనిదానికంటే మేలే, నేనూ వాడతాను. కానీ ఎదుటివారికి పంపకూడదని తీసేసిన మాట కూడా ఆ పద్ధతిలో దొరుకుతుంది. ఇతరుల ఫైళ్లను వెతకడానికి వీలుగా పెట్టే గ్రంథాలయాలు ఈ సంగతి గమనించాలి.

ఆపరేటింగ్ సిస్టమ్‌లు తయారుచేసేవారు పాత రకాలను చదివే ప్రోగ్రాములను తీసివేయడానికి భద్రతను కారణంగా చూపుతారు. పాత ఫైలును విప్పే కోడ్‌లోని లోపాలు దాడులకు దారి ఇస్తాయన్నది కాదనలేము. అయితే గుర్తుపట్టడం వేరు, విప్పి చదవడం వేరు. మొదటి కొన్ని బైట్లను చూసి ‘ఇది 1980ల నాటి లోటస్ పట్టిక’ అని చెప్పడానికి అంత ప్రమాదమేమీ లేదు, ఖర్చూ లేదు. చదివే పనిని మిగతా వ్యవస్థతో సంబంధం లేకుండా విడిగా బంధించి నడపవచ్చు. రెండింటినీ కలగలిపి మొత్తం తీసివేయడం న్యాయంగా లేదు. పాత మాకింతోష్‌లు వాడిన హెచ్ఎఫ్ఎస్ పద్ధతి డిస్కులను చదివే శక్తి కూడా 2019 నాటి కాటలీనా వెర్షన్‌తో మాక్‌లో లేకుండా పోయింది, అది పోయినచోట చిట్టాలోని నాలుగక్షరాల కోడ్‌లను చూసే నేరు దారీ మూసుకుపోయింది.

కనుక ఫ్లాపీలు కాపీ చేసుకోబోయే మీ పాఠకులకు నా మనవి ఇది. విడివిడి ఫైళ్లకంటే ముందు మొత్తం డిస్కును ఉన్నదున్నట్టు ఒకే ఇమేజ్ ఫైలుగా (బొమ్మ కాదు, డిస్కుకు పూర్తి నకలు) తీసుకోండి, చిట్టా అందులో భద్రంగా ఉంటుంది. ఊహించిన ఎక్స్‌టెన్షన్‌ను అసలు ఫైలు పేరుకు తగిలించకండి. చదవగలిగిన రాతను వేరే సాదా ఫైలుగా తీసి, అసలు పేరు, పాత యంత్రం, ప్రోగ్రాము, చిట్టాలోని తేదీ పైన రాసి పక్కన పెట్టండి. వెతుకులాట ఆ ఫైలును పట్టుకుంటుంది, అసలు ఫైలును ఎవరూ ముట్టుకోనక్కరలేదు. తేదీని మాత్రం కళ్లు మూసుకుని నమ్మవద్దు. మాకింతోష్ కాలాన్ని 1904 జనవరి 1 నుంచీ, డాస్ 1980 జనవరి 1 నుంచీ లెక్కపెట్టేవి. సరిగ్గా ఆ తేదీలే కనిపిస్తే, ఆ రోజున ఆ కంప్యూటరులో గడియారం సరిగా నడవలేదని అర్థం. ఎక్కడా గుర్తింపు దొరకని ఫైలు మీ దగ్గర ఉండి, అందులో రహస్యమేమీ లేకపోతే, ప్రోనామ్ వంటి పట్టికల వారికి నమూనా పంపండి. ఒకే ప్రోగ్రాముతో తయారైన ఫైళ్లు నాలుగైదు పక్కపక్కన పెడితే, అన్నిటిలోనూ మారకుండా ఉన్న బైట్లేవో వారు తేల్చుకోగలుగుతారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు