త్రుటిలో తప్పినవాళ్లలో నేనొకదాన్ని

సంపాదకుల వారికి నమస్కారం.

దిగే, ఎగిరే విమానాలకి అనుమతులిచ్చే కంట్రోల్ టవర్ లేని విమానాశ్రయంలో రెండు చిన్న విమానాలు ఒకే రన్‌వే మీదకి వచ్చేసిన ఘటన గురించి మీరు వేసిన 'త్రుటిలో తప్పిన పెను ప్రమాదం' వార్త చదివాను. టవర్ ఉండి ఉంటే ఇలా జరిగేదే కాదని చివర్లో తేల్చేశారు. అక్కడే నాకు పేచీ. మీ విలేకరిని తప్పుపట్టాలని కాదు. 2019లో అచ్చంగా అలాంటి వార్తకు కారణం నేనే కావలసింది. ఎవరూ రాయలేదు, అంతే. అప్పుడు తప్పు నాది కాబట్టి ఈ విషయం మొహమాటం లేకుండా మాట్లాడగలను.

నేను ప్రైవేట్ పైలట్‌ని. జీతానికి కాదు, సరదాకి ఎగురుతాను. ఆ రోజుకి నా లాగ్‌బుక్‌లో 600 గంటలు దాటాయి. ఈ అంకె గొప్పకి చెప్పడం లేదు. 60 గంటలప్పుడైతే నేనా పని చేసి ఉండేదాన్ని కాదు.

టవర్ లేదంటే పద్ధతి లేదని అర్థం కాదండీ. అమెరికాలో ప్రజలు వాడుకునే ఎయిర్‌పోర్టులు సుమారు 5 వేలు ఉంటే, టవర్ ఉన్నవి 500 పైచిలుకే. మిగతా చోట్ల పైలట్లందరూ ఒకే ఫ్రీక్వెన్సీ పెట్టుకుని ఎవరెక్కడున్నారో ఎవరికి వారే చెబుతుంటారు. దిగేవాళ్లు రన్‌వే పక్కగా, నేలకి 1000 అడుగుల ఎత్తున, మామూలుగా అన్నీ ఎడమ మలుపులతో ఒక చుట్టు తిరుగుతారు. దాన్ని ప్యాటర్న్ అంటాం. రన్‌వేకి సమాంతరంగా గాలివాటున వెళ్లేటప్పుడు డౌన్‌విండ్, అడ్డం తిరిగితే బేస్, రన్‌వేకి తిన్నగా వస్తే ఫైనల్. ప్రతి మలుపులోనూ చెప్పాలి. చెప్పేముందు ఎయిర్‌పోర్టు పేరు, చెప్పాక మళ్లీ పేరు. రెండుసార్లు ఎందుకంటే దగ్గర దగ్గర ఎయిర్‌పోర్టులు నాలుగైదింటికి అదే ఫ్రీక్వెన్సీ ఉంటుంది. వాతావరణం బాగున్న ఆదివారం 122.8 పెట్టి వింటే సంతలో నిలబడ్డట్టే.

ఆ రోజు నేను రెండున్నర గంటలు ఎగిరి వస్తున్నాను. నడుం పట్టేసింది. రన్‌వే సరిగ్గా ముక్కుకి ఎదురుగా కనిపిస్తోంది. ప్యాటర్న్‌లో చేరాలంటే పక్కకి వెళ్లి చుట్టు తిరిగి రావాలి, ఇంకో ఐదారు నిమిషాలు. తిన్నగా దిగేద్దామనుకున్నాను. దీన్ని స్ట్రెయిట్-ఇన్ అంటారు. నిషేధమేమీ లేదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2023లో సవరించిన సూచనల్లో కూడా వద్దనలేదు. ప్యాటర్న్‌లో ఉన్నవాళ్లకి అడ్డం రాకుండా చేసుకోమంది. ఆ అడ్డం రాకుండా అన్నదే అసలు షరతు.

10 మైళ్ల దగ్గర చెప్పాను, 3 మైళ్ల దగ్గర చెప్పాను. మధ్యలో ఎవరో డౌన్‌విండ్ అన్నారు. రేడియో మీట నొక్కీ నొక్కకముందే మాట మొదలుపెట్టారేమో, ఎయిర్‌పోర్టు పేరు తెగిపోయింది. పక్క ఎయిర్‌పోర్టు వాళ్లనుకున్నాను. చివర్లో మళ్లీ పేరు చెప్పే ఉంటారు, కానీ అప్పటికి నా ధ్యాస ఫ్లాప్స్ మీద, అంటే దిగేముందు రెక్కల వెనక దించే పలకల మీద ఉంది. ఎవరు మీరు, ఎక్కడున్నారు అని ఒక్క ముక్క అడగడానికి నాకేం పోయింది? ఒళ్లో ట్యాబ్లెట్ ఉంది. చుట్టుపక్కల విమానాలు అందులో బొమ్మల్లా కనిపిస్తాయి. అందులో ఎవరూ లేరు. నాకు అంతకన్నా నమ్మకమేం కావాలి!

ఆ డౌన్‌విండ్ అన్నది మా రన్‌వేకే దిగుతున్న ఒక చిన్న సెస్నా విమానం. తానెక్కడున్నదీ చుట్టుపక్కల వాళ్లకి తనంతట తనే ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరం అందులో లేదని తర్వాత తెలిసింది. అలాంటి చోట అంత ఎత్తులో అది ఉండి తీరాలన్న నిబంధన కూడా లేదు.

ఒకటిన్నర మైలు దగ్గర మీట నొక్కి ఫైనల్ అని చెప్పాను. సరిగ్గా అదే క్షణంలో సెస్నాలో ఉన్న కుర్రాడు బేస్‌కి తిరుగుతున్నానని చెప్పాడు. మా రేడియోల్లో మీట నొక్కి మాట్లాడుతున్నంతసేపూ అవతలివాళ్ల మాట వినపడదు. ఇద్దరూ ఒకేసారి నొక్కితే చెప్పేశామని ఇద్దరూ అనుకుంటారు, ఒకరిది ఒకరికి చేరదు. వింటూ ఉన్న మూడో మనిషికి మాత్రం కీచుమని ఒక శబ్దం వస్తుంది.

రన్‌వే మొదట్లో టేకాఫ్ కోసం ఒక పెద్దాయన ఆగి ఉన్నారు. ఆ కీచు ఆయనకి వినిపించింది. ఇద్దరెవరో ఒకరి మీద ఒకరు మాట్లాడారని గ్రహించి, తలుపు తోసి ఫైనల్ వైపు తలెత్తి చూశారట.

నాది పైపర్, రెక్కలు కిందుంటాయి. నా కింద ఏముందో నా రెక్కలే కప్పేస్తాయి. సెస్నాకి రెక్కలు నెత్తిమీదుంటాయి. పైన ఏముందో దాని పైలట్‌కి తెలీదు. నేను పైన, అతను కింద, ఇద్దరం ఒకే రన్‌వేకి దిగుతున్నాం, పైగా నేను కాస్త వేగంగా. ఇంతకన్నా చెడ్డ జత కుదరదు.

'ఫైనల్‌లో ఇద్దరున్నారు! పైపర్, పైకి లే!' అని రేడియోలో ఆ పెద్దాయన కేక. చెయ్యి ముందు కదిలింది, బుర్రకి తర్వాత ఎక్కింది. పవర్ పూర్తిగా ఇచ్చి పైకి లేస్తూ కుడికి జరిగాను. అప్పుడు నా ఎడమ రెక్క వెనక అంచు కింద నుంచి సెస్నా మెల్లగా బయటికొచ్చింది. దాని రెక్క మీద ఇంధనం పోసే మూత కనిపించింది. విమానానికి నిచ్చెన వేసుకుని పైకెక్కితే తప్ప కనపడని మూత అది. 100 అడుగులుంటుందేమో మీ ఇద్దరి మధ్య అన్నారు పెద్దాయన. నేను లెక్క కట్టే స్థితిలో లేను.

దిగాక ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లాను. ఒంటరిగా ఎగరడం అప్పుడప్పుడే మొదలుపెట్టాడట. నా 3 మైళ్ల కాల్ విన్నాడు, ఇంకా టైముంది కదా అనుకున్నాడు. "మీరెక్కడి నుంచి వచ్చారు?" అని అడిగాడు, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని. హక్కు ఎవరిదన్న దాని మీద పైలట్లు గంటలు గంటలు వాదించుకోగలరు. ఫైనల్‌లో ఉన్నవాళ్లదని ఒకరు, కింద ఉన్నవాళ్లకి దారివ్వాలని ఇంకొకరు, కింద ఉన్నాం కదా అని ముందుకు చొరబడకూడదని మరొకరు. మూడూ రూల్‌లో ఉన్నవే. ఆ వాదన నేను పెట్టుకోలేదు. ఇలాంటివి పైలట్లే రాసి పంపే ఏర్పాటు 1976 నుంచి నాసా నడుపుతోంది, పేర్లు తీసేసి అందరికీ చదవనిస్తారు. ఆ రాత్రే రాసి పంపాను.

ఇక టవర్ సంగతి. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, టవర్ లేనిచోట, ప్యాటర్న్‌లో తిరుగుతున్న సెస్నా 152ని స్ట్రెయిట్-ఇన్‌గా వస్తున్న రెండింజన్ల సెస్నా 340 ఢీకొట్టింది. ముగ్గురు పోయారు. పెద్ద విమానం సుమారు 180 నాట్ల (గంటకి 330 కిలోమీటర్ల పైచిలుకు) వేగంతో వస్తోంది. చిన్న విమానంలో ఉన్నతను దాన్ని చూశాడు కూడా. మీరు చాలా వేగంగా వచ్చేస్తున్నారు, నేను మళ్లీ చుట్టు తిరిగొస్తానని రేడియోలో చెప్పాడు. అవే చివరి మాటలు. అది చదివిన రోజు నాకు భోజనం సయించలేదు. కానీ దానికి నెల ముందు, జూలై 17న, నార్త్ లాస్ వేగస్‌లో కూడా ఒక పైపర్, ఒక సెస్నా 172 ఢీకొని నలుగురు చనిపోయారు. అక్కడ టవర్ ఉంది, అందులో మనుషులున్నారు. పైపర్‌కి ఎడమ రన్‌వే ఇచ్చారు, అది కుడి రన్‌వే వైపు వచ్చింది.

టవర్ దండగ అనను. రద్దీ ఉన్నచోట ఉండాల్సిందే. కానీ రోజుకి పది విమానాలు దిగేచోట ఎవరూ కట్టరు. కట్టేదాకా ఏం చేస్తాం?

నన్ను కాపాడిన మూడో గొంతు గురించి కూడా ఒక మాట. అది ఎప్పుడూ కాపాడుతుందనుకోకండి. 1996 నవంబరు 19న ఇల్లినాయిలోని క్విన్సీలో, దగ్గరి ఊళ్ల మధ్య ప్రయాణికుల్ని తిప్పే ఒక కమ్యూటర్ విమానం దిగుతూ, అడ్డంగా ఉన్న రన్‌వే మీద ఉన్న కింగ్ ఎయిర్ అనే రెండింజన్ల విమానాన్ని ఆగుతారా అని అడిగింది. కింగ్ ఎయిర్ పలకలేదు. దాని వెనక నిలబడ్డ చెరోకీ అనే చిన్న విమానం పైలట్ జవాబిచ్చాడు. అదే సమయంలో కమ్యూటర్ కాక్‌పిట్‌లో ఎత్తు చెప్పే హెచ్చరిక మోగి ఆ జవాబులో కొంత మింగేసింది. ఆగుతామని కింగ్ ఎయిరే చెప్పిందనుకుని వాళ్లు దిగారు. రెండింట్లో ఉన్న 14 మందీ చనిపోయారు. మా పెద్దాయన 'పైపర్' అని పేరు పెట్టి పిలిచారు. 'పైకి లే' అని ఊరికే అని ఉంటే సెస్నా కూడా లేచేది. అప్పుడు ఈ ఉత్తరం ఉండేది కాదు.

ఇప్పుడు నేను ఎంత అలసిపోయినా ప్యాటర్న్ చుట్టే దిగుతాను. కీచు వినిపిస్తే, నాకు సంబంధం లేకపోయినా, 'ఇద్దరు కలిసి మాట్లాడారు, మళ్లీ చెప్పండి' అంటాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మీ విలేకరికి ఒక మనవి. మళ్లీ ఇలాంటిది జరిగితే ఎవరు బేస్‌లో ఉన్నారు, ఎవరు తిన్నగా వచ్చారు, ఎవరి కాల్ ఎవరికి వినపడలేదు, మూడోవాళ్లు ఎవరైనా విన్నారా అని అడగమనండి. ఇంకొకటి. 'అనుమతి లేకుండా ల్యాండింగ్‌కు యత్నించిన పైలట్' అని రాశారు. అక్కడ అనుమతి ఇవ్వడానికి ఎవరూ ఉండరు, అడగడమన్నదే లేదు. ఆ పైలట్ తప్పు ఏదైనా ఉండొచ్చు, ఇది మాత్రం కాదు. వీలైతే సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక ప్రైవేట్ పైలట్