నాన్న కంప్యూటర్ సంగతి

మెల్‌బోర్న్

ఒరేయ్ తమ్ముడూ,

మేమంతా బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగితే ఎప్పుడూ మాట దాటేస్తావు, ఈసారైనా సరిగ్గా చెప్పు.

నాన్న కంప్యూటర్ వీడియో కాల్‌లో చూశాను. ఐకాన్లు పెద్దవి చేస్తానని షాపతను రిజల్యూషన్, అంటే తెర మీది చుక్కల లెక్క, తగ్గించి పోయాడు. పెద్దవైతే అయ్యాయి, కానీ అన్నీ అలికేసినట్టున్నాయి. తెరలో ఎన్ని చుక్కలుండాలో తయారీలోనే ఖాయమైపోతుంది. 1920 చుక్కల వెడల్పున్న తెరను 1024కి దించితే బొమ్మను సాగదీసి నింపుతుంది. అసలే నాన్నది మసక చూపు, దానికి మసక తెర తోడు!

రిజల్యూషన్‌ను ముందున్నట్టే 'రికమెండెడ్' అన్నదానికి మార్చు. ఆ పైనే 'స్కేల్' ఉంటుంది, దాన్ని 150 శాతానికి పెంచు. అప్పుడు అక్షరాలు ఆ సైజుకే కొత్తగా గీసుకుంటాయి, అంచులు తేటగా వస్తాయి. ఐకాన్లు ఇంకా పెద్దవి కావాలంటే డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట నొక్కి, కంట్రోల్ బటన్ పట్టుకుని మౌస్ చక్రం ముందుకు తిప్పు. కొత్త ప్రోగ్రాంల ఐకాన్లలో 256 చుక్కల బొమ్మ కూడా ఉంటుంది కాబట్టి చెదరవు. నాన్న పాత అకౌంట్ల ప్రోగ్రాంలో చిన్న బొమ్మే ఉన్నట్టుంది, అది బాగుపడదు.

నాన్నకి మాక్యులా, అంటే కంటి వెనక పొరలో నడిమి భాగం, దెబ్బతిని ఎదురుగా ఉన్నదాన్ని చూసే నడిమి చూపు తగ్గింది, అందుకే పెద్దవి చేస్తే పనికొస్తుంది. పెద్దమామయ్యకి మాత్రం ఇలాగే చేసెయ్యకు. గ్లకోమాతో ఆయనకి పక్క చూపు పోయింది. మరీ పెద్దదైతే ఒక్క ఐకాన్ కూడా మొత్తం చూపులో పట్టదు.

వాల్‌పేపర్‌గా బుడ్డోడి ఫొటో తీసేస్తే నాన్న ఊరుకోడని తెలుసు. కానీ వాడి రంగురంగుల చొక్కాలో ఐకాన్లు కలిసిపోతున్నాయిరా! నల్లటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టి, ఫొటో ప్రింట్ తీయించి మానిటర్ పక్కన ఉంచు. రోజూ వాడే ఐదారు ఐకాన్లే ఉంచు, వరస మాత్రం మార్చకు. నాన్న సగం చోటు గుర్తుతోనే నొక్కుతాడు.

విండోస్ బటన్‌తో ప్లస్ నొక్కితే భూతద్దం వస్తుంది, విండోస్‌తో ఎస్కేప్ నొక్కితే పోతుంది. ఇది నువ్వు చేసిపెట్టకు, ఆయన చేతే చేయించు.

బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తక్కువున్నవాళ్లకి ప్రత్యేక విభాగం ఉంది. మలక్‌పేట నుంచి అంత దూరం ఎందుకంటాడు, అయినా తీసుకెళ్లు.

స్కేల్ మార్చాక ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వు. లేకపోతే కొన్ని ప్రోగ్రాంలు మసకగానే ఉంటాయి, మీరు మళ్లీ ఆ షాపతన్నే పిలుస్తారు.

మీ అక్క