ఆగస్టు 29న గిడుగు వారు గుర్తుకు రాలేదా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 29 నాటి మీ పత్రికలో ‘చరిత్రలో ఈ రోజు’ చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఎవరో ఒకరు రాస్తారు, మీరే సవరణ వేస్తారు అని కొన్నాళ్లు ఊరుకున్నాను. సెప్టెంబరు కూడా వచ్చేసింది. సవరణ లేదు, సంజాయిషీ లేదు. ఇక నేనే రాస్తున్నాను.

ఆ రోజు శీర్షికలో 1949లో సోవియట్ యూనియన్ చేసిన తొలి అణుబాంబు పరీక్ష ఉంది. 2005లో న్యూ ఆర్లీన్స్‌ను ముంచెత్తిన కత్రినా తుఫాను ఉంది. జయంతుల్లో ధ్యాన్‌చంద్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, మైకేల్ జాక్సన్ ఉన్నారు. మన నాగార్జున గారి పుట్టినరోజు ఫొటోతో సహా వేశారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు మాత్రం లేరు. తెలుగు భాషా దినోత్సవం నాడు, ఒక తెలుగు పత్రికలో, ఆ దినోత్సవం ఎవరి పుట్టినరోజున జరుపుకుంటున్నామో ఆయన పేరే లేదు!

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నదికి అవతల, ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో మా బావమరిదికి ఫోన్ చేసి అడిగాను. వాళ్లకు వచ్చిన పేపర్లో జిల్లా పేజీలో పంతులు గారి మీద వ్యాసం, బొమ్మ వచ్చాయట. అంటే మహేంద్రతనయ అవతలి ఒడ్డున ఆయన ఉన్నారు, ఇవతలి ఒడ్డున లేరు. పర్లాకిమిడి వాళ్లకు గిడుగు వారితో పనేముందని మీ డెస్కులో ఎవరైనా అనుకున్నారా? ఆయన 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన మాట నిజమే. కానీ 1880లో ఇక్కడి రాజావారి బడిలో మాస్టారుగా చేరింది మొదలు 1936 దాకా ఆయన బతుకు, పని, పోరాటం అన్నీ ఈ ఊళ్లోనే. మా చుట్టూ ఉన్న కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్లు. ఇంత పని చేసిన మనిషికి ఆయన ఊరికి పంపే పేపర్లో ఒక్క లైను దొరకలేదు.

ఇంకో సంగతి. ఈ రోజు మీ విలేకరులు రాసే తెలుగు ఎవరి చలవ? బడి పుస్తకాల్లో, పరీక్షల్లో జనం మాట్లాడే తెలుగుకు చోటు ఉండాలని గురజాడ, విశాఖ కాలేజీ ప్రిన్సిపాల్ శ్రీనివాస అయ్యంగార్, బడుల ఇన్‌స్పెక్టరు ఏట్స్ దొరతో కలిసి పంతులు గారు ఎందరితో మాటలు పడ్డారో, ఎన్ని సభల్లో నిలబడి వాదించారో మీకు నేను చెప్పాలా? 1919లో ఇందుకోసమే సొంతంగా మాసపత్రిక కూడా పెట్టారు. ఆయన గెలిపించిన తెలుగులో రోజూ పేపరు నడుపుతూ, ఆయన పుట్టినరోజు నాడే ఆయన్ని వదిలేయడం నాకు మింగుడు పడటం లేదు.

ఇంత చిన్న శీర్షికకు ఇంత బాధ ఎందుకని మీకు అనిపించవచ్చు. మా వైపు తెలుగు బడుల్లో ఆ శీర్షిక ఎలా వాడతారో మీకు తెలియదు. పొద్దున్నే పేపరు రాగానే ఒక పిల్లో, పిల్లాడో నల్లబల్ల మీద కుడిపక్కన గీత గీసి ‘నేటి ప్రత్యేకత’ అని రాసి, మీరు వేసిన లైన్లు ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తారు. ప్రార్థనలో అదే చదువుతారు. మర్నాటి దాకా ఎవరూ చెరపరు. ఆ రోజు నేను పని చేసి రిటైరైన బడికి వెళితే ఆ బల్ల మీద పసుపుపచ్చ సుద్దతో, గుండ్రటి అక్షరాలతో ‘మైకేల్ జాక్సన్ జయంతి’ అని ఉంది. రాసిన పిల్ల తప్పేం లేదు. చేతిరాత ముత్యాల్లా ఉంది. పేపర్లో పంతులు గారి పేరు ఉంటే అదే అందంగా ఆయన పేరూ రాసేది.

ధ్యాన్‌చంద్ గారి పేరు వేసినందుకు నాకు చాలా సంతోషం. అది జాతీయ క్రీడా దినోత్సవం, వేయాల్సిందే. పైనుంచి సర్క్యులర్ వస్తుంది కాబట్టి బడుల్లో ఆటల పోటీలు కూడా జరిగాయి. ఒకే తేదీన పుట్టిన ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి పిల్లలకు ఎంత చెప్పవచ్చు! 1936 ఆగస్టు 15న బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించి ఒలింపిక్ బంగారు పతకం తెచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ఆ ఉదయమే గిడుగు వారు ఈ ఊరు విడిచి రాజమండ్రిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు దాటాయి.

ఏప్రిల్ 1 మాటెత్తాను కాబట్టి అదీ చెప్తాను. ఆ తేదీకి మీరు రిజర్వు బ్యాంకు, ప్రాజెక్ట్ టైగర్, ఏప్రిల్ ఫూల్స్ డే వేశారు. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు మొదలైంది 1900లో అదే తేదీన. ఒడిశా అవతరణ దినమైన ఉత్కళ దివస్ కూడా అదే రోజు. మేం ఒడియా సోదరులతో కలిసి జరుపుకుంటాం, మాకు అందులో ఏ ఇబ్బందీ లేదు. రాష్ట్రం కోసం పాటుపడిన కృష్ణచంద్ర గజపతి మహారాజా వారూ ఈ ఊరి వారే, పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపవద్దన్న తెలుగువాళ్లకు ముందు నిలిచిన గిడుగు వారూ ఈ ఊరి వారే. ఇద్దరి సంగతీ పిల్లలకు తెలియాలి. ఆగస్టు 10నా అంతే. బరంపురంలో పుట్టి రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లిన వి.వి. గిరి గారి జయంతి అది. మీ శీర్షికలో కనపడలేదు. అక్టోబరు 2న గాంధీ గారు, శాస్త్రి గారు ఎలాగూ వస్తారు. మా గజపతి జిల్లా 1992లో ఏర్పడింది కూడా ఆ రోజే అని ఒక్క లైను వేయడానికి ఏమిటి కష్టం?

తప్పంతా మీదే అనను. తెలుగు భాషా దినోత్సవానికి ఇక్కడ సర్క్యులర్ ఏదీ రాదు. హెడ్మాస్టరుకు ఓపికుంటే జరుగుతుంది, దండకూ చాక్లెట్లకూ డబ్బులు మాస్టర్లే వేసుకోవాలి. తెలుగు పంతులు రిటైరైతే ఆ పోస్టు ఎప్పుడు నింపుతారో చెప్పే నాథుడు లేడు. బడి తెరిచి నెలలు గడిచినా తెలుగు వాచకాలు రావు. ఒడిశా ఆఫీసులో అడిగితే పుస్తకాలు ఆంధ్రా నుంచి రావాలంటారు, ఆంధ్రా వాళ్లనడిగితే మీరు మా రాష్ట్రం కాదంటారు. ఓట్ల కోసం వచ్చే నాయకులు తెలుగులో తియ్యగా మాట్లాడి వెళ్తారు, మళ్లీ ఐదేళ్లకే కనపడతారు. ఇలాంటి చోట పిల్లల చేతిలో రోజూ పడే తెలుగు అచ్చు మీ పేపరొక్కటే. అందుకే నెట్‌లో దొరికిన జాబితా తెచ్చి అలాగే అచ్చేస్తే మాకు కడుపు మండుతుంది.

జనవరి 22 గిడుగు వారి వర్ధంతి. కిందటిసారి మీరు ఆయన పోయిన సంవత్సరం 1941 అని వేశారు, అది 1940. ఈసారి సంవత్సరం సరిచూసి, పర్లాకిమిడి పేరు కూడా కలిపి, మా వైపు వచ్చే పేపర్లో కూడా వేయండి. ఆ తేదీకి కావలసిన వివరాలు నేనే రాసి డిసెంబరులో పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.