ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ: సంతకం లేని చర్చలు ఇక వద్దు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారం. ప్రభుత్వమూ ఉద్యోగ సంఘాలూ కలిసి కూర్చుని మాట్లాడుకునే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్‌కు అధ్యక్షులు మీరే. అందుకే ఈ ఉత్తరం విద్యాశాఖకో ఆర్థిక శాఖకో కాకుండా మీకు రాస్తున్నాం. వినతిపత్రాలు ఇచ్చి ఇచ్చి అలిసిపోయి, ఇప్పుడు నలుగురికీ వినపడేలా అడుగుతున్నాం. సర్కారు బడి టీచర్లకు బేరమాడే హక్కు ఉండాలా, ఉంటే ఎంతవరకు అన్న చర్చ నడుస్తూనే ఉంది. ఆ చర్చలో మా వాదన ఇది: మాతో మాట్లాడినప్పుడు, మాట్లాడిన మాట కాగితం మీద ఉండాలి. ఆ కాగితం మీద రెండు పక్షాల సంతకాలుండాలి. తర్వాత వచ్చే జీవోలో అదే మాట ఉండాలి.

2025 దీపావళి రోజుల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చర్చలు జరిగాయి, ఒక డీఏ (కరవు భత్యం) ప్రకటించారు, అందరం సంతోషించాం. 2024 జనవరి 1 నుంచి రావాల్సిన 3.64 శాతం అది. జీవో చేతికొచ్చాక చూస్తే, 2024 జనవరి నుంచి 2025 సెప్టెంబరు దాకా బకాయిలు పదవీ విరమణ సమయంలో చెల్లిస్తామని ఉంది. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు సబ్జెక్టు టీచరు) ప్రారంభ మూలవేతనం 44,570 మీదే లెక్కేసుకున్నా నెలకు 1,622 రూపాయలు, 21 నెలలకు 34 వేల పైచిలుకు. ఆ డబ్బు రిటైరయ్యే నాటికి అన్నమాట! సంఘాలన్నీ గగ్గోలు పెట్టాక జీవో సవరించి, వాయిదాల్లో ఇస్తామన్నారు. సవరించినందుకు కృతజ్ఞతలు. కానీ ఆ రిటైర్మెంటు షరతు చర్చల బల్ల మీద ఎవరు పెట్టారు? ఎవరు ఒప్పుకున్నారు? ఇద్దరి సంతకాలూ ఉన్న మినిట్స్, అంటే చర్చల రాతప్రతి, ఆ రోజే చేతిలో ఉండుంటే ఈ ప్రశ్న పుట్టేదే కాదు. ముసాయిదా రాసిన సెక్షన్‌కు ఏం రాయాలో తెలిసేది, మాకు ఏం వస్తుందో తెలిసేది.

ఒక అంశం దారి తప్పేది ఎక్కడో వివరంగా చెప్తాం. సంఘం అజెండా అంశం రాసిస్తుంది. సాధారణ పరిపాలన శాఖ దాన్ని సంబంధిత శాఖకు పంపి అభిప్రాయం అడుగుతుంది. డబ్బుతో ముడిపడినదైతే ఆర్థిక శాఖకూ వెళ్తుంది. ఆ అభిప్రాయం సమావేశం నాటికి రాకపోతే అంశాన్ని చదివి వినిపించి ‘పరిశీలనలో ఉంది’ అంటారు. వచ్చే సమావేశంలోనూ అదే మాట. ఒకవేళ నోటితో సరేనన్నా, మినిట్స్‌లోకి ఎక్కేటప్పటికి క్రియాపదం మారిపోతుంది. ‘అంగీకరించడమైనది’ అంటే జీవో రావాలి. ‘పరిశీలించబడును’ అంటే ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. ‘తగు చర్య తీసుకొనబడును’ అన్నదానికి గడువు లేదు, బాధ్యుడు లేడు. ఇది భాషాభిమానంతో అంటున్న మాట కాదు. ఆ ఒక్క క్రియాపదం మీద లక్షల కుటుంబాల నెలసరి లెక్క ఆధారపడి ఉంది. పైగా మినిట్స్ ఆలస్యమయ్యే కొద్దీ, ఆ రోజు బల్ల దగ్గర కూర్చున్న అధికారులు బదిలీ అయిపోతారు. కొత్తగా వచ్చినవారు ‘రికార్డులో లేదండీ’ అంటే వాళ్లనేం అనగలం?

పదకొండో పీఆర్సీలో, అంటే వేతన సవరణలో, ఇదంతా ఒక్కచోటే జరిగింది. అశుతోష్ మిశ్రా కమిషన్‌ను 2018లో వేశారు. నివేదిక 2020 అక్టోబరులో ప్రభుత్వానికి చేరింది. ఏడాదికి పైగా ఆ నివేదికను సంఘాల చేతికివ్వలేదు. 2021 డిసెంబరులో మాత్రం 14.29 శాతం ఫిట్‌మెంట్ (కొత్త మూలవేతనం కట్టేటప్పుడు కలిపే పెంపు) చాలన్న కార్యదర్శుల కమిటీ నివేదికను బయటపెట్టారు. అసలు కమిషన్ సిఫార్సు చేసింది 27 శాతం. ఎదుటివారి చేతిలో రెండు నివేదికలు, మన చేతిలో ఒకటి, అదీ వారు రాయించినది. ఇలా కూర్చోబెట్టి మాట్లాడించడాన్ని బేరం అనగలమా? మిశ్రా నివేదిక బహిరంగపరచాలన్నది చివరికి 2022 ఫిబ్రవరి చర్చల్లో ఒక డిమాండుగా పెట్టి సాధించుకోవాల్సి వచ్చింది. జీతం నిర్ణయమయ్యాక, ఆ జీతానికి ఆధారమైన నివేదిక చదువుకున్నాం!

2022 జనవరి 7న 23.29 శాతం ప్రకటించారు. జనవరి 17న 23 శాతంతో జీవో నంబరు 1 వచ్చింది. అప్పుడు ఊరూరా వినపడిన ‘రివర్స్ పీఆర్సీ’ అన్న మాట నినాదం కోసం పుట్టించింది కాదు, లెక్కలోంచే వచ్చింది. పాత స్కేలులో స్కూల్ అసిస్టెంట్ ప్రారంభ మూలవేతనం 28,940. అందులో 30.392 శాతం డీఏ అంటే 8,795. ఫిట్‌మెంట్ 23 శాతం అంటే 6,656. మొత్తం 44,391, స్కేలులో పై స్టేజికి (మెట్టుకు) సర్దితే 44,570. అంటే పాత మూలవేతనం, డీఏ మొత్తం మీద స్టేజి సర్దుబాటుతో కలిపి పెరిగింది 6,835. కానీ 2019 జూలై నుంచి అదే టీచరు 27 శాతం మధ్యంతర భృతిగా నెలకు 7,814 తీసుకుంటున్నారు. కొత్త పీఆర్సీ వచ్చిన నెల, పెరుగుదల మధ్యంతర భృతి కన్నా 979 రూపాయలు తక్కువ. దాని మీద, ఎక్కువ తీసుకున్నారు కనుక రావాల్సిన డీఏ బకాయిల్లోంచి సర్దుకుంటామన్నారు. నోషనల్‌గా 2018 జూలై 1 నుంచి, నగదుగా 2020 ఏప్రిల్ 1 నుంచి అన్నారు. మధ్యలో ఉన్న 21 నెలలు కాగితం మీద పెరిగాయి, చేతికి రాలేదు.

ఇంటద్దె సంగతి ఇంకా బాధ కలిగించేది. ఊళ్లలో పనిచేసేవారికి 12 శాతం ఉండేది. పాత మూలవేతనం మీద అది 3,473 రూపాయలు. జనవరి జీవోలో 8 శాతం చేశారు. కొత్త మూలవేతనం మీద 3,566. మూలవేతనం పదిహేను వేలు పెరిగితే ఇంటద్దె 93 రూపాయలు పెరిగింది. ఏకోపాధ్యాయ బడుల్లో, బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడిచే చోట్ల పనిచేసేది ఈ స్లాబు వాళ్లే. నగరంలో కూర్చున్నవారి శాతం కన్నా వీరి శాతం ఎప్పుడూ తక్కువే. దాన్నీ కోశారు.

ఆ తర్వాత ఫిబ్రవరి 3న విజయవాడ వచ్చాం. ఇళ్ల దగ్గర పోలీసు నోటీసులు, దారిలో తనిఖీలు, అయినా బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. 7 నుంచి సమ్మె అన్న నోటీసు మీ దగ్గరుంది. 5వ తేదీ రాత్రికి మంత్రుల కమిటీతో ఒప్పందం కుదిరింది. 8 శాతం 10 అయింది, జనాభా 50 వేలు దాటిన పట్టణాలకు 12 అయింది, మధ్యంతర భృతి రికవరీ ఆగింది, సీసీఏ (నగర పరిహార భత్యం) తిరిగొచ్చింది, పదేళ్లకు మారుస్తామన్న పీఆర్సీ మళ్లీ ఐదేళ్లకు వచ్చింది. ఊరి బడి టీచరుకు ఇంటద్దె నెలకు 891 రూపాయలు పెరిగింది. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఆగింది. ఆ ఒప్పందం తమకు సమ్మతం కాదని కొన్ని ఉపాధ్యాయ సంఘాలు మర్నాడే ప్రకటించాయి, అదీ నిజమే. అయినా ఒక్క మాట ఆలోచించండి. ఫిబ్రవరి 5న ఇవ్వగలిగినవి జనవరి 17కు ముందు ఇవ్వలేనివా? ఖజానా ఆ మూడు వారాల్లో ఏమైనా నిండిందా? ముందే నివేదిక ఇచ్చి, స్లాబుల పట్టిక బల్ల మీద పెట్టి మాట్లాడి ఉంటే ఆ రోడ్డెక్కే పనే లేదు. మమ్మల్ని రోడ్డు మీదికి తెచ్చింది డబ్బు ఒక్కటే కాదు. అడగకుండా, చెప్పకుండా, చూపించకుండా నిర్ణయించడం.

మీరు మా స్థానంలో నిలబడి చూడండి. కార్మికుడికి పారిశ్రామిక వివాదాల చట్టం ఉండేది. ఉపాధ్యాయులు ‘వర్క్‌మన్’ కిందికి రారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇస్తుంది కానీ, బేరమాడే హక్కు అందులో భాగం కాదని 1961లోనే బ్యాంకు ఉద్యోగుల కేసులో చెప్పారు. 2003లో తమిళనాడులో లక్షన్నరకు పైగా ఉద్యోగుల్ని, టీచర్లను ఒక్క దెబ్బతో తీసేసినప్పుడు, రంగరాజన్ కేసులో సమ్మె హక్కే లేదన్నారు. మన 1964 ప్రవర్తనా నియమావళి సమ్మె కూడదంటుంది. సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం ఉండనే ఉంది. సంఘం పెట్టుకోవడానికీ బేరమాడటానికీ హక్కునిచ్చే అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను భారతదేశం ఆమోదించనే లేదు. ఇన్ని తలుపులు మూసుకున్నాక మాకు మిగిలిన ఒకే ఒక్క కిటికీ మీ అధ్యక్షతన ఉన్న ఆ కౌన్సిల్. దాన్ని తెరిచి ఉంచమని వేడుకుంటున్నాం.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2011లో యాక్ట్ 10 అని చట్టం చేశారు. బడి ఉద్యోగులు మూల వేతనం గురించి తప్ప దేని గురించీ బేరమాడరాదు, ఆ పెంపు కూడా ధరల సూచీని దాటరాదు, సంఘం ఏటా ఓటింగు పెట్టించుకుని తాను ఎవరి తరఫున మాట్లాడుతుందో ఆ మొత్తం ఉద్యోగుల్లో 51 శాతం మద్దతు చూపాలి, చందా జీతంలో కోయరాదు అని. వేలమంది రాజధాని మాడిసన్‌లో శాసనసభ భవనంలోనే మకాం వేశారు. అక్కడ హక్కు తగ్గించడానికి చట్టం చేయాల్సి వచ్చింది, జనం ముందు వాదించాల్సి వచ్చింది. ఇక్కడ ఏ చట్టమూ అక్కర్లేదు. సమావేశం పెట్టకపోతే చాలు. పెట్టినా మినిట్స్ ఇవ్వకపోతే చాలు. గుర్తింపు నియమాలు చూపి ఒక నోటీసు ఇస్తే చాలు. జీతాలు ఆలస్యమవుతున్నాయని గవర్నరు గారిని కలిసినందుకు 2023 జనవరిలో ప్రభుత్వోద్యోగుల సంఘానికి అలాంటి నోటీసు రానే వచ్చింది. గవర్నరుకు చెప్పుకోవడం నేరమైతే ఇంకెవరికి చెప్పుకోవాలి?

ప్రజల సొమ్ముతో జీతం తీసుకునేవారు ప్రజల ప్రభుత్వంతో బేరమాడటమేమిటి, మధ్యలో పిల్లలు నష్టపోతారు కదా అని కొందరు పెద్దలు అంటారు. పిల్లల మాట నిజమే. బడి మూతపడితే పేదవాడి బిడ్డకే దెబ్బ. సమ్మె రోజుకు జీతం రాదు, డైస్ నాన్ (సర్వీసులోకి రాని రోజు) కింద పోతే సర్వీసు లెక్కా చెడుతుంది. ఏ టీచరూ సరదాకి సమ్మె చేయరు. అందుకే బేరం ఉండాలంటున్నాం. కేంద్ర ఉద్యోగులకు 1966 నుంచి జేసీఎం అనే ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం ఉంది. అక్కడ జీతభత్యాలు, వారపు పనిగంటలు, సెలవులు ఈ మూడింటిపై రాజీ కుదరకపోతే మధ్యవర్తిత్వ బోర్డుకు పోతుంది. అలాంటిది ఇక్కడెందుకు ఉండకూడదు?

బేరమంటే జీతమొక్కటే కాదని కూడా చెప్పాలి. 2022 ఆగస్టులో ముఖ హాజరు యాప్ తెచ్చారు. ఫోను మాది, డేటా మాది, సిగ్నల్ లేని కొండ ఊళ్లో ఆలస్యానికి బాధ్యతా మాదే. ముందు అడిగి ఉంటే ఏ మండలంలో నెట్‌వర్క్ అందదో మేమే జాబితా రాసిచ్చేవాళ్లం. సంఘాలు తిరగబడ్డాక గానీ చర్చలకు పిలవలేదు. అంతకు రెండు నెలల ముందు జీవో 117తో 3, 4, 5 తరగతుల్ని ప్రాథమిక బడి నుంచి విడదీసి హైస్కూళ్లకు పంపారు. 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు అని విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెప్తుంటే, 1, 2 తరగతులు మాత్రమే మిగిలిన చిన్న బడికి ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరు సెలవు పెడితే బడికి తాళమే. ఆ జీవో పోవడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. మూడు విద్యా సంవత్సరాలు! ఆ మూడేళ్లలో ఒకటో తరగతిలో ప్రైవేటుకు వెళ్లిపోయిన పిల్లలు తిరిగి రారు.

మంచి జరిగినచోట మంచి అంటాం. బదిలీలకు 2025లో చట్టం చేశారు. ప్రధానోపాధ్యాయులకు గరిష్ఠంగా ఐదేళ్లు, టీచర్లకు ఎనిమిదేళ్లు అని రాతలో పెట్టారు. మిగతా విషయాలకూ అలాంటి రాత కావాలనే కదా మా గోల.

పన్నెండో పీఆర్సీ 2023 జూలై 1 నుంచి అమలులోకి రావాలి. కమిషన్ వేసిందే ఆ నెలలో. అంటే అమలు తేదీ నాటికి ఇంకా లెక్కలే మొదలు కాలేదు. ఆలస్యమైన ప్రతి నెలా రేపు ‘నోషనల్’ అన్న ఒక్క మాట కింద మాయమవుతుందేమోనని మా భయం. ఒకసారి 21 నెలలు పోగొట్టుకున్నవాళ్లం.

కాబట్టి కౌన్సిల్ సమావేశం తేదీ ముందే ప్రకటించండి. అజెండాపై ఆర్థిక శాఖ అభిప్రాయం సమావేశానికి వారం ముందు మాకు అందేలా చూడండి. ఏడు రోజుల్లో మినిట్స్ ముసాయిదా ఇచ్చి, రెండు పక్షాల సంతకాలు తీసుకోండి. ఒప్పుకున్న ప్రతి అంశం పక్కన బాధ్యుడైన అధికారి హోదా, జీవో రావాల్సిన తేదీ రాయించండి. పీఆర్సీ నివేదిక ప్రభుత్వానికి అందిన రోజే సంఘాలకూ ఇవ్వండి. కాదనదలచుకున్న అంశాన్ని కాదనే రాయండి, ఎందుకు కాదో కూడా రాయండి. మేం తట్టుకుంటాం. ‘పరిశీలించబడును’ అని మాత్రం రాయకండి.

ఈ ఉత్తరానికైనా రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరని కోరుతూ,

ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుల తరఫున